గనికి యజమాని యెవరు? గాలికి కాపరి యెవరు?

ఖమ్మము జిల్లాకు తూర్పు కొసను, ఆంధ్రప్రదేశపు పొలిమేర నానుకొని, భద్రాచలపు అడవులకు వాకిలివలె నున్న సత్తుపల్లి చిరకాలము వరిచేలకును మామిడితోటలకును పేరుపొందిన సీమ. నేడా పేరు చెప్పినంతనే వినువారికి బొగ్గు స్ఫురించుచున్నది. ఊరి ప్రక్కనే సింగరేణి సంస్థవారి జలగం వెంగళరావు ఉపరితల గని. దానికి చేరువనే కిష్టారము గని. ఈ సీమనుండియే శాసనసభకు వెడలి, 1973 మొదలు 1978 వరకు రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగా నుండిన పెద్దమనిషి పేరు గనికి పెట్టుట సముచితమే. కాని గని వాకిట నివసించు గృహస్థుని చింత వేరు. ఉదయము తుడిచిన అరుగు సాయంకాలమునకు మరల నల్లబడుచున్నది. ఆరవేసిన వస్త్రముమీదను, మామిడియాకుమీదను, త్రాగునీటి తొట్టిమీదను సన్నని పొడి పేరుకొనుచున్నది. బ్లాస్టింగు జరిగినప్పుడెల్ల ఇండ్లు అదరి గోడలు బీటలు వారుచున్నవని పట్టణవాసులు ఏండ్ల తరబడి మొర పెట్టుకొనుచునే యున్నారు. ఈ మొర వినవలసిన వారెవరు? ఈ వ్యాసమునందు మేము విచారింపబూనినది యీ యొక్క ప్రశ్ననే.

బొగ్గు నిందింపదగిన వస్తువని మేము చెప్పుట లేదు. భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగు దొర 1871లో ఇల్లెందు ప్రాంతమున బొగ్గుపొరలను కనుగొనెను. 1886లో ఇంగ్లండులో స్థాపితమైన హైదరాబాదు దక్కను కంపెనీ గనుల హక్కును సంపాదించెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. సింగరేణి గ్రామము పేరిట నేటి సంస్థ 1920 డిసెంబరులో ఏర్పడెను. 1945లో నిజాము ప్రభుత్వము దానిలో అధికభాగము వాటాలను కొనెను. దేశమున ప్రభుత్వాధీనమైన బొగ్గు సంస్థలలో అదియే మొదటిది. నేడు దాని వాటాలలో నూటికి 51 తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వమునకును, 49 కేంద్ర ప్రభుత్వమునకును చెందియున్నవి. విదేశీయుల లాభార్థమై పుట్టిన సంస్థ ప్రజల సొత్తయ్యెను. వేలకొలది కుటుంబములు దాని వలన జీవించుచున్నవి. మన ఇండ్లలోని దీపములును, పొలములలోని మోటార్లును చాలవరకు ఆ బొగ్గుచేతనే నడచుచున్నవి. ఈ మేలును మరచుట కృతఘ్నత.

ఐనను ఒక మార్పును గమనింపవలెను. పూర్వము బొగ్గు త్రవ్వకమంటే భూగర్భములోనికి దిగుటయే. కార్మికుడు లోనికి దిగి, చీకటిలో త్రవ్వి, ఆ ధూళిని తన ఊపిరితిత్తులలో మోసికొని పైకి వచ్చుచుండెను. ఆ దుఃఖమును గుర్తించియే 1952 నాటి గనుల చట్టము మొదలు కార్మికునకు వైద్యపరీక్షలు, వ్యాధి సోకినచో నష్టపరిహారము అను హక్కులు క్రమముగా సంక్రమించినవి. 1970ల నుండి సింగరేణిలో ఉపరితల గనులు ప్రవేశించెను. 2023-24లో సంస్థ తీసిన బొగ్గు సుమారు 7 కోట్ల టన్నులు. అందు పదింట తొమ్మిది పాళ్లకు పైగా ఉపరితల గనులనుండి వచ్చినదే.

ఉపరితల గనియందు బొగ్గుపొర మీదనున్న మన్నును రాతిని సమస్తమును పెకలించి ప్రక్కన కొండలుగా పోయుదురు. ఒక టన్ను బొగ్గు తీయుటకు దానికి అనేకరెట్లు మన్ను తీయవలసివచ్చును. రంధ్రములు తొలిచి మందు కూరి ప్రేల్చునప్పుడు కొంత ధూళి, యంత్రములు తవ్వి డంపర్లలోనికి ఎత్తునప్పుడు కొంత, ఆ బరువైన బండ్లు మట్టిబాటల మీద తిరుగునప్పుడు మరింత, కుప్ప పోసినప్పుడు, లారీలకును రైలుపెట్టెలకును నింపునప్పుడు ఇంకను కొంత — ఈ విధముగా అడుగడుగున లేచు ధూళి గాలికి వశమగును. ముదుకధూళి దగ్గరనే రాలిపోవును. కంటికి కనబడని సన్నధూళి దూరము పోయి ఊపిరితో లోనికి దిగును. అనగా, భూగర్భ గనిలో కార్మికుని ఒక్కని పాలబడిన ధూళి, ఉపరితల గని వచ్చిన పిదప గనితో ఏ సంబంధమును లేని ముసలివారికిని, బడిపిల్లలకును, బాలింతలకును పంచబడుచున్నది. కార్మికునకు ధూళితోపాటు జీతము కలదు, ఆసుపత్రి కలదు, సంఘము కలదు. ఊరివారికి ధూళి మాత్రమే కలదు.

దీనికి విద్యావంతులలో కొందరు చెప్పు సమాధానము మేమెరుగుదుము. ‘దేశము బీదది, ముందు ధనము గడింపనిండు, పిదప గాలిని శుభ్రపరచుకొందము, సంపన్న దేశములన్నియు ఈ క్రమముననే నడచినవి’ అని వారందురు. ఆదాయము పెరుగుకొలది మాలిన్యము కొంతవరకు పెరిగి, ఒక మట్టము దాటిన పిమ్మట తరుగునని 1991లో గ్రాస్‌మన్, క్రూగరు అను అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞులు చూపిన వంపుగీతను ఆధారముగా చూపుదురు. కాని ఆ తరుగుదల తనంతట తానుగా జరుగునని తలపరాదని 1995లో ఆ పండితులే హెచ్చరించిన మాటను మాత్రము వీరు మరచుచుందురు.

లండను నగరపు చరిత్రయే దీనికి సాక్ష్యము. 1952 డిసెంబరులో అయిదు దినములు ఆ నగరమును బొగ్గుపొగ కప్పివేసెను. సుమారు 4,000 మంది మరణించిరని నాటి లెక్క. మరణములు 12,000 వరకు నుండవచ్చునని తరువాతివారి లెక్క. నాటికి ఆ దేశమున బొగ్గుగనులు ప్రభుత్వపు సొత్తే. 1947లోనే వానిని జాతీయము చేసియుండిరి. ఆ ప్రభుత్వమునకు చట్టము చేయు తొందర లేకపోయెను. పార్లమెంటులో నబారో అను సామాన్య సభ్యుడు తనంతట బిల్లు ప్రవేశపెట్టి ఒత్తిడి తేగా, తామే బిల్లు తెచ్చెదమని ప్రభుత్వము ఒప్పుకొనవలసివచ్చెను. ఆ విధముగా పుట్టినదే 1956 నాటి శుద్ధవాయు చట్టము. లండను గాలిని శుభ్రపరచినది ధనము కాదు. ధనము అంతకుముందు నూరేండ్లనుండియు ఆ నగరమున నుండెను, పొగయు దానితోడనే యుండెను. శుభ్రపరచినది ప్రజల ఆగ్రహమును, దానిని వినక తప్పని శాసనసభయును.

మన దేశమున చట్టములకు కొదవ లేదు. 1972 స్టాక్‌హోము మహాసభ పిదప, 1976లో పర్యావరణ రక్షణ రాజ్యాంగములో ప్రభుత్వపు విధిగను పౌరుని విధిగను చేర్పబడినది. 1981లో వాయు కాలుష్య నివారణ చట్టము వచ్చినది. ఆ చట్టము ప్రకారము ప్రతి రాష్ట్రమునకును ఒక కాలుష్య నియంత్రణ మండలి యుండవలెను. కాని మండలిని ఏర్పరచు రీతిని చూడుడు. అధ్యక్షుని నియమించునది రాష్ట్ర ప్రభుత్వము. సభ్యులను నియమించునదియు ప్రభుత్వమే. అందు ప్రభుత్వమునకు చెందిన కంపెనీల ప్రతినిధులుగా ఇద్దరికి చట్టమే స్థానములు కల్పించినది. రాష్ట్ర ప్రభుత్వము వ్రాసియిచ్చిన ఆదేశములకు మండలి బద్ధమై యుండవలెనని మరియొక విధి.

ఇప్పుడు సత్తుపల్లికి వత్తము. ఇచటి గనిలో పెద్ద వాటాదారు రాష్ట్ర ప్రభుత్వము. ఆ గని ధూళిని కొలిచి, హద్దు మీరినచో దండింపవలసిన మండలిని నియమించునది రాష్ట్ర ప్రభుత్వము. గని లాభములో వాటా పొందునదియు, బొగ్గుపై రాయల్టీ పుచ్చుకొనునదియు రాష్ట్ర ప్రభుత్వమే. ఆ బొగ్గును కొని పాల్వంచలోను మణుగూరు చెంతను విద్యుత్తు తీయు సంస్థ సైతము రాష్ట్ర ప్రభుత్వముదే. ప్రతివాదియు న్యాయాధిపతియు ఒక్కడే యైనప్పుడు వాది యెంతటి సత్యవంతుడైన నేమి లాభము? ఏ యధికారియు చెడ్డవాడని మేమనుట లేదు. ఎంత మంచివానికైనను తన యజమానిపై తీర్పు చెప్పుట దుష్కరము. అట్టి స్థితిలో నతనిని నిలుపుట ఏర్పాటులోని దోషము.

ఈ దోషము ఊహామాత్రము కాదు. మణుగూరు సమీపమున 1,080 మెగావాట్ల భద్రాద్రి విద్యుత్కేంద్రమును రాష్ట్ర సంస్థ నిర్మింపబూనినప్పుడు, పర్యావరణానుమతి రాకపూర్వమే పనులు ఆరంభింపబడినందున 2015లో జాతీయ హరిత న్యాయస్థానము వానిని నిలుపుదల చేయవలసివచ్చెను. అనుమతి 2017లో లభించెను. తక్కువ బొగ్గుతో ఎక్కువ విద్యుత్తునిచ్చు సూపర్ క్రిటికల్ యంత్రములు దేశమున వాడుకలోనికి వచ్చిన తరువాతను, అచట 270 మెగావాట్ల పాత పద్ధతి యంత్రములు నాల్గింటిని స్థాపించిరి. పాల్వంచలో 2018లో పూర్తియైన 800 మెగావాట్ల యంత్రము క్రొత్త పద్ధతిదే. రెండును ఒక్క సంస్థవే, రెండును ఒక్క అడవి ప్రాంతములోనివే. ఏ పొగ గొట్టము ఎట్టిదిగా నుండవలెనను నిర్ణయము విజ్ఞానపు కొరతచేత గాక పరిపాలకుల ఇచ్ఛచేత జరుగుచున్నదనుటకు ఇంతకన్న నిదర్శన మేల?

రాష్ట్రము నటుంచి కేంద్రము వైపు చూతము. గాలిని కొలుచుటకు మనకు రెండు కొలబద్దలున్నవి. 2009 నవంబరులో ప్రకటించిన జాతీయ ప్రమాణము ప్రకారము, పది మైక్రాన్లకు లోబడిన సన్నధూళి, ఘనపు మీటరు గాలిలో సంవత్సరపు సగటున 60 మైక్రోగ్రాములు మించరాదు. 2000 సెప్టెంబరులో బొగ్గుగనుల కొరకు ప్రత్యేకముగా ప్రకటించిన ప్రమాణమున, క్రొత్త గనుల వద్ద ఊపిరితో లోనికి బోవు ధూళి 180 వరకు ఉండవచ్చును. పాత గనుల వద్ద 215 వరకు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన మితి 15 మాత్రమే. ఒక ఊరి బిడ్డ ఊపిరితిత్తులకు 60 హద్దు, గనియొద్ద 180 హద్దు అని చెప్పు శాస్త్రమేదియు వైద్యశాలలలో బోధింపబడుట లేదు. గని ఎల్లకును ఊరి ఎల్లకును నడుమ కోసులు లేని సత్తుపల్లివంటి చోట, ఏ కొలబద్ద ఎచట ముగిసి ఏది ఎచట మొదలగునో సామాన్యునకు తెలియు మార్గమే లేదు.

2019 జనవరిలో జాతీయ శుద్ధవాయు కార్యక్రమమును ఆరంభించిరి. దేశమున 130కి పైగా నగరములు దానిలో చేరినవి. తెలంగాణమునుండి హైదరాబాదు, నల్గొండ, సంగారెడ్డి, పటాన్‌చెరువు ఎన్నికైనవి. బొగ్గును ఇచ్చు కొత్తగూడెము లేదు, సత్తుపల్లి లేదు. విద్యుత్కేంద్రములు గంధకపు పొగను అరికట్టు యంత్రములను రెండేండ్లలో పెట్టవలెనని 2015 డిసెంబరులో కేంద్రము ఆజ్ఞాపించెను. గడువును పలుమారులు పొడిగించి, తుదకు 2025 జూలైలో అత్యధిక సంఖ్యాక కేంద్రములను ఆ బాధ్యతనుండి విడిచిపెట్టెను. రాజధాని ప్రాంతమునకు గాని, పదిలక్షల జనాభా గల నగరమునకు గాని పది కిలోమీటర్ల లోపల నున్న కేంద్రములకు మాత్రము విధి తప్పలేదు. దీని అర్థమేమి? పొగ పీల్చు ముక్కులు పదిలక్షలైన గాని ప్రభుత్వపు దృష్టికి ఆనవా? పాల్వంచ, మణుగూరు, పినపాక ప్రాంతములలోని కోయలును రైతులును ఎన్నడును పదిలక్షలు కాబోరు. నగరమునకు దీపము, అడవికి పొగ — ఇది మన అభివృద్ధి నడచుచున్న మార్గము.

ప్రభుత్వము తలచినచో మేలు చేయలేదా? చేయగలదు, చేసియున్నది. కట్టెపొయ్యి పొగ మన స్త్రీల కన్నులను రొమ్మును తరతరములుగా కాల్చినది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున దీపము పథకమును, 2016లో కేంద్రపు ఉజ్జ్వల పథకమును వచ్చి గ్యాసు పొయ్యిని పేద వంటయింటికి చేర్చినవి. సత్తుపల్లి విషయముననే చూతము. కొన్ని యేండ్లు ఇచటి బొగ్గు వేలకొలది లారీలలో రహదారి మీదుగా కొత్తగూడెము వైపు పోవుచుండెను. దారి పొడవున ధూళి. దారి పొడవున ప్రమాదములు. భద్రాచలం రోడ్ స్టేషనునుండి సత్తుపల్లి వరకు సుమారు 54 కిలోమీటర్ల రైలుమార్గము, వ్యయములో పెద్ద భాగము సింగరేణియే భరింపగా, 2022లో పూర్తియయ్యెను. లారీల బెడద తగ్గెను. కాని రైలుకు బొగ్గు నింపు సైలో బంకరు కిష్టారము చెంత వెలసినంతనే, దాని ధూళి మా ఇండ్లపై పడుచున్నదని అచటి దళితవాడ ప్రజలు ఆందోళనకు దిగిరి. రహదారివెంట పరచుకొనిన ధూళి ఒక్క వాడమీద కుప్పపడినచో దానిని నివారణ మందుమా? మంచి పని సైతము, దాని ప్రక్కన నివసించువారిని ముందుగా సంప్రతింపక చేసినచో, సగమే మంచిదగును.

ఇచటనే స్థానిక స్వపరిపాలన ప్రశ్న వచ్చుచున్నది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంఘములకు అప్పగింపదగిన పనులలో పర్యావరణ రక్షణను పేర్కొన్నది. కాని బండ్ల బాటలపై ఎన్ని మారులు నీళ్లు చల్లవలెనో, బ్లాస్టింగు ఏ వేళ జరుగవలెనో, మట్టికొండలు ఊరికి ఎంత దూరమున నుండవలెనో నిర్ణయించు అధికారము సత్తుపల్లి పురపాలక సంఘమునకు లేదు. వీధిలో రాలిన ధూళిని ఊడ్చుట మాత్రమే దాని వంతు. 2015లో ఖనిజ చట్టమును సవరించి, గనులచే బాధపడు ప్రాంతముల హితముకొరకు జిల్లా ఖనిజ నిధులను ఏర్పరచిరి. పాత లీజులపై రాయల్టీలో నూటికి 30 వంతుల మొత్తము ఈ నిధికి చేరవలెను. త్రాగునీరు, వైద్యము, విద్య, కాలుష్య నివారణ మొదలగు ముఖ్యమైన పనులకు నిధిలో 60 వంతులకు తగ్గక వ్యయింపవలెనని తొలి నియమము. 2024లో దానిని 70కి పెంచిరి. నియమము శ్లాఘ్యము. కాని ఆ ధనములో ఎంత భాగము ధూళి పీల్చిన వాడలకు చేరినదని పురజనులు అడిగినప్పుడు, తెలుగులో వ్రాసిన లెక్కపత్రము వారి చేతికి రావలెను. అడుగు అలవాటు మనకును ఉండవలెను.

మన తప్పులను సైతము చెప్పుకొందము. కోత కాగానే వరి కొయ్యకాళ్లను, ప్రత్తి కట్టెను, చేనిలోనే కాల్చివేయు రైతు గనిని నిందించు అర్హతను కొంత కోల్పోవుచున్నాడు. పది దినముల తొందర కొరకు పశువుల మేతను, నేలసారమును, పొరుగువాని ఊపిరిని ఒక్క అగ్గిపుల్లకు అర్పించుచున్నాము. మోతుబరులు మొదట ఈ అలవాటును మానినచో చిన్నరైతు వారిని అనుసరించును. పొగకు ఎల్లలు లేవు. సత్తుపల్లి పొగ చింతలపూడికి పోవును. తిరువూరు పొగ సత్తుపల్లికి వచ్చును. 2014లో రాష్ట్రములు రెండైనవి, మండలులు రెండైనవి. గాలి మాత్రము ఒక్కటియే. కృష్ణా జలముల పంపకమునకు ట్రిబ్యునళ్లు కలవు. ఈ పొలిమేర గాలిని గూర్చి రెండు మండలులును కూడి కూర్చుండి విచారింపకూడదా?

కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున కోశమునకు గనులే పుట్టుక యని చెప్పెను. మన ప్రభుత్వములకు ఈ మాట బాగుగా తెలియును. కాని ఆ గ్రంథముననే, ఆ అధికరణముననే, నగరపాలన ప్రకరణమునందు, వీధిలో ధూళి పోసినవానికి పణములో ఎనిమిదవ వంతు దండుగ విధింపబడినది. దండుగ స్వల్పమే. గని ఆదాయమెంతయైనను వీధి ధూళి నేరము నేరమే యనుట అందలి ధర్మము. మొదటి సూత్రమును గ్రహించి రెండవదానిని విడిచినవాడు అర్థశాస్త్రమును సగము చదివినవాడు.

కావున మేము కోరునవి కొలదియే, అసాధ్యములు కావు. గాలిని కొలుచు యంత్రములను గని ఆవరణలో గాక బడుల వద్దను, ఆసుపత్రి వద్దను, కిష్టారము వాడలోను పెట్టవలెను. వాని లెక్కను ప్రతిదినము పురపాలక కార్యాలయపు గోడపై తెలుగున వ్రాయవలెను. కొలుచువారు గనికి గాని, గని యజమానికి గాని జవాబుదారులు కారాదు. జనావాసములున్నచోట గనికొక ప్రమాణము, ఊరికొక ప్రమాణము అను భేదము పోవలెను. నియంత్రణ మండలిలో స్థానిక సంస్థల ప్రతినిధులకు చట్టము ఐదు స్థానముల వరకు అనుమతించుచున్నది. గనులున్న పట్టణములకు అందొకటి దక్కవలెను. గని కార్మికునకు వలెనే చుట్టుపట్ల నివసించువారికిని ఏటేట ఊపిరితిత్తుల పరీక్ష జిల్లా ఖనిజ నిధినుండి జరుగవలెను. వీనిలో ఏ యొక్కటియు ఒక టన్ను బొగ్గునైనను తగ్గించునది కాదు.

1945లో గని దొరల చేతినుండి దేశీయ ప్రభుత్వము చేతికి వచ్చెను. అటుపిమ్మట ప్రభుత్వము ప్రజలదయ్యెను. యజమాని మారినప్పుడు లెక్క చెప్పు రీతియు మారవలెను గదా. సింగరేణి చరిత్ర మొదలైన ఇల్లెందును జనులు బొగ్గుట్ట యని పిలిచిరి. నేడచటి పాత భూగర్భ గనులు మూతబడినవి. ఊరు మాత్రము మిగిలినది. సత్తుపల్లి బొగ్గును ఒకనాటికి అయిపోవును. ఆనాడు ఇచట మిగులువారు మన బిడ్డలు. వారికి బీడుపడిన గొయ్యిని, రోగపు రొమ్మును విడిచిపోవుదుమా, లేక గని వలన బాగుపడిన ఊరిని అప్పగింతుమా యనునది, హైదరాబాదులోను ఢిల్లీలోను కూర్చున్న వాటాదారులు నిర్ణయించుటకు ముందే, సత్తుపల్లి పౌరులు తమ పురపాలక సభలో లేచి అడుగవలసిన ప్రశ్న.